పొగ చూసినవాళ్ళ మాటకు విలువ లేదా?

పోయిన వేసవి సెలవుల్లో నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. ఇప్పుడు పట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. మా గూడెం వాడే, కోయ పిల్లవాడే. "సార్, ఈయన కథ చూడండి. ఎంత ధైర్యం! మన బడి పిల్లలకు చెప్పండి" అని కింద రాశాడు. అమెజాన్ అడవిలో మాయమైపోయిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి కథ అది. అందులో ఆయనకు పేరుంది. ఆయన కొడుక్కు పేరుంది. ఆయన వెతికిన నగరానికి కూడా పేరుంది. ఆయన చివరిసారి బస చేసిన ఊరి మనుషులకు మాత్రం పేరు లేదు. "క్రూరమైన ఆటవికులు" అని ఒక్క ముక్క. విల్లంబులు పట్టుకున్న నల్లటి బొమ్మలు నాలుగు. వెనక డప్పుల మోత.

నేను రెండుసార్లు చూశాను. తర్వాత ఆయన గురించి దొరికినంత చదివాను. చదివేకొద్దీ ఆయన మీద కన్నా మన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను. దానికన్నా ముందు ఆయన కథ ఉన్నదున్నట్టు చెప్పాలి. మన గురించి ఏమీ తెలియకుండా రాసినవాళ్ళను మనం తప్పుపడుతున్నాం. అదే తప్పు మనం చేయకూడదు.

ఆయన పేరు పెర్సీ హారిసన్ ఫాసెట్. 1867లో ఇంగ్లండులోని టోర్కీ అనే ఊళ్ళో పుట్టాడు. వూలిచ్ సైనిక పాఠశాలలో చదివి, 1886లో ఫిరంగి దళంలో అధికారిగా చేరాడు. సిలోన్‌లోని ట్రింకోమలీలో ఉద్యోగం. ఇప్పుడు మనం శ్రీలంక అంటున్నది ఆ దేశాన్నే. సెలవు దొరికితే అడవుల్లో పడి పాత రాజుల నిధులు, శిథిలాలు వెతికేవాడు. 1901లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో చేరి భూమిని కొలవడం, పటాలు గీయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత కొంతకాలం మొరాకోలో బ్రిటిష్ ప్రభుత్వానికి గూఢచారిగా పనిచేశాడు. సైన్యం, సర్వే, గూఢచర్యం ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఉండటం ఆ రోజుల్లో వింత కాదు. సామ్రాజ్యానికి ఆ మూడూ ఒకే పనిముట్టుకు మూడు అంచులు.

1906లో ఆయన్ని దక్షిణ అమెరికాకు పంపారు. బొలీవియా, బ్రెజిల్ దేశాల మధ్య సరిహద్దు గీత గీయాలి. ఎక్కడో అడవి మధ్యలో గీత ఎందుకు అవసరమైంది? రబ్బరు కోసం. 1888లో గాలి టైరు వచ్చింది. సైకిళ్ళకు, తర్వాత కార్లకు రబ్బరు కావాలి. రబ్బరు చెట్లున్నది అమెజాన్ అడవిలో. ఆక్రే అనే ప్రాంతం కోసం రెండు దేశాలూ కొట్లాడుకున్నాయి. 1903లో ఒప్పందం చేసుకుని ఆక్రేను బ్రెజిల్ తీసుకుంది. ఇక ఏ చెట్టు ఎవరిదో తేల్చుకోవాలి. అందుకు సర్వే. ఆ చెట్ల కింద తరతరాలుగా బతుకుతున్నవాళ్ళను ఎవరూ అడగలేదు. రబ్బరు వ్యాపారులు వాళ్ళను పట్టుకొచ్చి బానిసలుగా వాడుకున్నారు. తెచ్చిన రబ్బరు తూకం తగ్గితే కొరడాలతో కొట్టారు. పుటుమాయో నది దగ్గర జరిగిన ఘోరాల మీద రోజర్ కేస్‌మెంట్ ఇచ్చిన నివేదికను 1912లో బ్రిటిష్ ప్రభుత్వమే అచ్చు వేయాల్సి వచ్చింది. ఎందుకంటే అక్కడ రబ్బరు పిండుకున్న కంపెనీ లండన్‌లో నమోదైనదే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఫాసెట్ ఆ దుర్మార్గుల్లో ఒకడు కాదు. రబ్బరు బానిసత్వాన్ని చూసి అసహ్యించుకున్నాడు, దాని గురించి రాశాడు. 1910లో హీత్ నది మీద పడవల్లో పోతుంటే ఒడ్డు నుంచి బాణాలు వచ్చి పడ్డాయి. తన మనుషులను తిరిగి కాల్చవద్దన్నాడు. పాటలు పాడమన్నాడు. ఒకడు అకార్డియన్ వాయించాడు. కాసేపటికి బాణాలు ఆగాయి. ఆయన ఖాళీ చేతులతో ఒడ్డుకు నడిచి వెళ్ళి వాళ్ళతో స్నేహం చేసుకున్నాడు. ఆ కాలపు తెల్ల అధికారుల్లో ఇలాంటివాళ్ళు తక్కువ. కాబట్టి నేను ఆయన్ని రాక్షసుణ్ణి చేయను. మంచివాడే.

నా గొడవంతా ఆ మంచితనం ఎక్కడ ఆగిపోయిందన్న దాని గురించే.

1906 నుంచి 1924 వరకు ఆయన ఏడుసార్లు ఆ అడవులకు వెళ్ళాడు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వస్తే దాదాపు యాభై ఏళ్ళ వయసులో ఫ్రాన్స్, బెల్జియం వైపు ఫిరంగులు నడిపించాడు. అన్నేళ్ళు అడవిలో తిరిగితే కొన్ని కంటపడ్డాయి. నేల తవ్వితే పాత కుండ పెంకులు వచ్చాయి. మూలవాసుల మందులు, చేపలు పట్టే ఉపాయాలు, పంటలు చూశాడు. ఈ అడవిలో ఒకప్పుడు పెద్ద నాగరికత ఉండి ఉంటుందని ఆయనకు అర్థమైంది. అప్పటి పండితులు చాలామంది, ఆ అడవి పెద్ద సమాజాన్ని పోషించలేదని నమ్మేవారు. వాళ్ళకన్నా ఈ మిలిటరీ మనిషే ఎక్కువ చూశాడు. అక్కడి వరకు ఒప్పుకుంటాను.

మరి దాన్ని కట్టిందెవరు? ఇక్కడే ఆయన కాళ్ళు తడబడ్డాయి. రియో డి జనీరో గ్రంథాలయంలో ఒక పాత పోర్చుగీసు రాతప్రతి ఉంది. రాతి కమానులు, విగ్రహాలు, వీధులు ఉన్న పాడుబడ్డ నగరాన్ని చూశామని అందులో 1753 నాటి మాటగా రాసి ఉంది. దాన్ని పట్టుకుని ఒక నగరాన్ని ఊహించుకున్నాడు. దానికి 'జెడ్' అని పేరు పెట్టాడు. దాన్ని కట్టింది ఎక్కడి నుంచో వచ్చిన ప్రాచీన జాతి అనుకున్నాడు. అడవి లోపల 'తెల్ల ఇండియన్లు' ఉన్నారని నమ్మాడు. సముద్రంలో మునిగిపోయిందని చెప్పే అట్లాంటిస్ వైపు కూడా ఆయన ఊహ పోయింది. తన కళ్ళముందు కుండలు చేస్తున్న, గంజి పోస్తున్న, దారి చూపిస్తున్న ఈ మనుషుల తాతముత్తాతలే ఆ కట్టడాలు కట్టారన్న మామూలు ఆలోచన మాత్రం ఆయన బుర్రలో నిలవలేదు.

మనల్ని ప్రేమించేవాళ్ళలో ఇలాంటివాళ్ళను నేను చాలామందిని చూశాను. మన థింసా చూసి చప్పట్లు కొడతారు. మన అమాయకత్వాన్ని మెచ్చుకుంటారు. మనకు తెలివి ఉందని, ఉండేదని మాత్రం ఒప్పుకోలేరు. చేతులు మనవి, బుర్ర ఇంకెవరిదో అన్నట్టు మాట్లాడతారు. కొరడా పట్టుకున్నవాణ్ణి గుర్తుపట్టడం సులువు. ఈ దయను గుర్తుపట్టడమే కష్టం.

1925లో ఆయన చివరి ప్రయాణం. వయసు 57. వెంట పెద్ద కొడుకు జాక్, జాక్ స్నేహితుడు రాలీ రిమెల్. ఏప్రిల్‌లో కుయాబా పట్నం నుంచి బయలుదేరారు. 1920లో తన గుర్రం చచ్చిన చోటుకు ఆయన 'చచ్చిన గుర్రం మకాం' అని పేరు పెట్టుకున్నాడు. మే 29న అక్కడి నుంచి భార్యకు ఉత్తరం రాసి, దాన్ని కూలీల చేతికిచ్చి వెనక్కి పంపాడు. ఆ తర్వాత ఆయన రాసిన కాగితం ముక్క ఏదీ బయటి ప్రపంచానికి చేరలేదు.

కాగితం లేదు కాబట్టి 'మాయమయ్యాడు' అన్నారు. ఆయన్ని వెతకడానికి బృందాలు బయలుదేరాయి. 1928లో వచ్చిన జార్జ్ డయట్ బృందం, మూలవాసులే చంపేసి ఉంటారని తేల్చి వెళ్ళిపోయింది. పత్రికలు అమ్ముడుపోయాయి. సినిమాలు, నవలలు వచ్చాయి. ఎనభై ఏళ్ళ పాటు ప్రపంచం దాన్ని పెద్ద రహస్యం అంది.

ఆ రహస్యంలో ఎక్కువ భాగం తెలిసినవాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళ పేరు కలపాలోలు. బ్రెజిల్‌లోని షింగు నది పైభాగంలో వాళ్ళ ఊళ్ళు. డేవిడ్ గ్రాన్ అనే అమెరికా విలేఖరి 2005లో వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. తాతల నోట విన్న సంగతిని వాళ్ళు ఆయనకు చెప్పారు. ముగ్గురు తెల్లవాళ్ళు వచ్చారు, మా ఊళ్ళో బస చేశారు. తూర్పు దిక్కుకు వెళ్తామన్నారు. అటు వెళ్ళొద్దు, అక్కడివాళ్ళు ప్రమాదకరమైనవాళ్ళు అని మావాళ్ళు చెప్పారు. వినలేదు. ఐదు రోజులు సాయంత్రం పూట వాళ్ళ మంట పొగ అడవి మీద కనిపించింది. తర్వాత కనిపించలేదు. ఏదో కీడు జరిగిందని భయపడి మావాళ్ళు కొందరు వెతకబోయారు. జాడ దొరకలేదు. ఇదీ వాళ్ళు చెప్పింది.

ఎంత శుభ్రమైన సాక్ష్యమో చూడండి. వచ్చిన మనుషుల లెక్క ఉంది. వెళ్ళిన దిక్కు ఉంది. రోజుల లెక్క ఉంది. తమకు తెలియని దగ్గర ఆగిపోవడం ఉంది. ఉత్తరం ఒక్కటీ లేకుండా ఎనభై ఏళ్ళు ఇంత పదిలంగా మోశారు. అయినా వాళ్ళు సాక్షులు కాలేదు, అనుమానితులయ్యారు.

ఇంకో సంగతి. 1951లో కలపాలోల దగ్గర దొరికిన కొన్ని ఎముకలను ఓర్లాండో విల్లాస్ బోయాస్ అనే బ్రెజిల్ అధికారి బయటికి తెచ్చి, ఇవి ఫాసెట్‌వి అని ప్రకటించాడు. లండన్‌లో పరీక్షించినవాళ్ళు కావన్నారు. మరి ఎవరివి? తమ పూర్వీకుడివేనని కలపాలోలు తర్వాత చెప్పారు. ఒక తెల్లవాడి సమాధి కావాలని లోకం గొడవ పెడితే, ఒక మూలవాసి సమాధి నుంచి ఎముకలు లేచి ప్రయాణం చేశాయి. ఆ వీడియోలో ఈ ముక్క లేదు. పిల్లలకు చెప్పాల్సిన పాఠం నాకు అందులోనే కనిపించింది.

ఇక నగరం సంగతి. ఫాసెట్ చివరిసారి నడిచిన ఆ షింగు ప్రాంతంలోనే కలపాలోల పొరుగువాళ్ళు కుయికురోలు ఉన్నారు. 1990ల నుంచి మైకేల్ హెకెన్‌బర్గర్ అనే పురావస్తు పండితుడు వాళ్ళతో కలిసి పనిచేశాడు. అడవిలో కందకాలు ఎక్కడున్నాయో చూపించింది కుయికురోలే. వాటి పేర్లు చెప్పిందీ వాళ్ళే. కొలిస్తే ఏం తేలింది? సుమారు 1250 నుంచి 1600 వరకు అక్కడ పెద్ద పెద్ద ఊళ్ళు ఉన్నాయి. ఊరి మధ్య గుండ్రటి మైదానం, చుట్టూ కందకం. కొన్ని కందకాలు ఐదు మీటర్ల లోతు. ఊరి నుంచి ఊరికి తిన్నటి బాటలు, కొన్నిచోట్ల యాభై మీటర్ల దాకా వెడల్పు. వంతెనలు, చేపల మడుగులు, తోటలు, మనిషి చేతితో సారం పెరిగిన నల్లమట్టి. ఆ ప్రాంతమంతా కలిపి 50 వేల మంది దాకా ఉండి ఉంటారని అంచనా. అందులో ఒక ఊరు కుహికుగు. యూరప్ నుంచి వచ్చిన రోగాలు ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టాయి. మిగిలినవాళ్ళ సంతానమే నేటి కుయికురోలు. వాళ్ళ ఊళ్ళు ఈనాటికీ మధ్యలో మైదానం, చుట్టూ ఇళ్ళు అన్న ఆ పద్ధతిలోనే ఉంటాయి.

ఫాసెట్ రాయి కోసం వెతికాడు. అక్కడ ఉన్నది మట్టి, కలప, గడ్డి. మన ఇళ్ళూ వాటితోనే కట్టుకున్నాం కదా. రాతి కోట ఉంటేనే నాగరికత అనుకునేవాడు మన గూడెం మధ్యలో నిలబడి కూడా, ఇక్కడేమీ లేదు అంటాడు. ఆయన ఆ కందకాల పక్కనుంచే, ఆ బాటల మీదుగానే నడిచి ఉండవచ్చు కూడా.

ఈ సంగతుల మీద 2003లో 'సైన్స్' అనే పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. దాని రచయితల పేర్లలో అఫుకాకా కుయికురో పేరుంది, ఉరిస్సాపా తబాతా కుయికురో పేరుంది. పండితుడికి దారి చూపిన కూలీలుగా కాదు, కింద చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలుగా కాదు. రచయితలుగా. తోటి ఉపాధ్యాయులారా, మన పిల్లలకు చెప్పాల్సిన పేర్లు ఇవి.

ఇప్పుడు మన మీద నా కోపం ఎందుకో చెప్తాను.

నేను టీటీసీ చదివి ఇరవై ఏళ్ళకు పైగా ఏజెన్సీ బడుల్లో పాఠం చెప్తున్నాను. 'ఫలానా ఖండాన్ని ఫలానావాడు కనుగొన్నాడు' అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఖాళీలు పూరించమని పిల్లలకు ఇచ్చాను. పూరించినవాడికి మార్కు వేశాను. 'అప్పటికే అక్కడ ఎవరున్నారు?' అన్న ప్రశ్నకు మార్కు పెట్టలేదు. ఆ వీడియో చూసి మురిసిపోయిన పిల్లవాణ్ణి తయారు చేసింది ఎవరో కాదు, నేనే.

మన నోళ్ళలోనూ ఈ జబ్బు ఉంది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో దామరవాయి దగ్గర పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి, పైన పలక కప్పిన పాత సమాధులు ఉన్నాయి. వాటిని 'రాక్షస గుళ్ళు' అంటాం. వాటిని కట్టింది మన కోయలే అని నేను అనడం లేదు. అది తవ్వి, చదివి తేల్చాల్సిన పని. కానీ మనుషులు కట్టారన్న ఆలోచనే రాకుండా రాక్షసుల పేరు పెట్టుకుని ఎందుకు సరిపెట్టుకున్నాం? ఫాసెట్ అట్లాంటిస్ అన్నాడు, మనం రాక్షసుడు అన్నాం. తేడా ఎంత?

ఇంకా దగ్గరి సంగతి. ఆ వీడియో పంపిన పిల్లవాడి తాతకు పోడు భూమి ఉంది. అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టాడు. ఆ చెల్క ఎప్పుడు కొట్టారో, ఏ కరువు ఏడాది జొన్న పండిందో, గట్టున ఎవరిని దహనం చేశారో ఊరి పెద్దలు గ్రామసభలో చెప్పారు. ఫైలు తిరిగి వచ్చింది. పాత కాగితం ఏదీ లేదన్నారు. ఉపగ్రహం ఫొటోలో సరిగ్గా కనపడటం లేదన్నారు. మాటమాత్రంగా చెప్పి పంపేశారు. కలపాలోలకు జరిగిందీ, ఈ తాతకు జరిగిందీ ఒకటే. పొగ చూసినవాళ్ళ మాట చెల్లలేదు.

కానీ చట్టం అలా అనడం లేదు. 2006 చట్టానికి 2008లో చేసిన నియమాల్లో 13వది చదవండి. సాక్ష్యాల జాబితాలో దరఖాస్తుదారు కాని ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టిన కాగితం ఉంది. ఇళ్ళు, గట్లు, చదును చేసిన నేల ఉన్నాయి. పాత బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు ఉన్నాయి. ఇలాంటివి ఒకటికి మించి చూపించాలి, అంతే. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 సవరణ చెప్తోంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. దాని మీద 60 రోజుల్లో పై కమిటీకి వెళ్ళవచ్చు. అంటే మన పెద్దల నోటిమాటను చట్టం సాక్ష్యంగా ఒప్పుకుంది. ఒప్పుకోనిది కుర్చీలో కూర్చున్న మనిషి. అడగనిది మనం.

'నోటిమాట ఎప్పటికప్పుడు మారిపోతుంది కదా, దాన్నెలా నమ్మాలి?' అని చదువుకున్న మనవాళ్ళే నన్ను అడుగుతారు. మారుతుంది, నిజమే. కాగితం మారదా? ఫాసెట్ నమ్మిన 1753 నాటి రాతప్రతి కాగితమే కదా. దాన్ని నమ్మి కొడుకును, కొడుకు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. అటు వెళ్ళొద్దన్న కలపాలోల మాట నోటిమాట. ఏది నిలిచింది? అలాగని విన్నదల్లా నమ్మమనడం లేదు. ఇద్దరు ముగ్గురు పెద్దలను వేరువేరుగా అడగాలి. నేల మీద గుర్తులతో పోల్చాలి. కాగితాన్ని ఎలా పరీక్షిస్తామో మాటనూ అలాగే పరీక్షించాలి. మన డోలీలు పడిగె విప్పి ఏ గట్టువాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ వేల్పు ఎవరిదో పాడతారు. తప్పు పాడితే ఊరుకునే ముసలివాళ్ళు ఉన్నారా? అది కూడా పరీక్షే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మాట. 'కనుగొన్నాడు' అన్న ప్రతిచోటా బోర్డు మీద రెండో ప్రశ్న రాయండి. అప్పటికే అక్కడ ఎవరున్నారు, వాళ్ళు ఆ చోటును ఏమని పిలుస్తారు? జవాబు పుస్తకంలో లేకపోతే లేదనే చెప్పండి. లేకపోవడం కూడా పిల్లలకు పాఠమే.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మాట. సాహసం వద్దనను. అమెజాన్‌కు కూడా వెళ్ళండి. కానీ ముందు మీ గూడెం పొలిమేర తెలుసుకోండి. మీ తాత కొట్టిన చెల్క, మీ అవ్వ నీళ్ళు మోసిన వాగు, మీ వేల్పు నిలిచిన చెట్టు తిరిగి చూసి, పేరు, దిక్కు, గుర్తులతో నోటు పుస్తకంలో రాయండి. చెప్పినవాళ్ళ పేరు పైన రాయండి, మీ పేరు కింద. పెద్దలు ఎల్లకాలం ఉండరు. మీరు ఫోను చూస్తున్న గంటలోనే ఒక ముసలివాడి వెంట ఒక వాగు పేరు కూడా పోవచ్చు.

ఆ పిల్లవాడికి నేను ఇదంతా మెసేజ్‌లో రాయలేదు. "దసరాకి ఊరికి వచ్చినప్పుడు ఒక నోటు పుస్తకం తెచ్చుకో, పనుంది" అని మాత్రం రాశాను. వచ్చాడు. నాలుగు రోజులు ముగ్గురు ముసలివాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చెల్కలో రాళ్ళగట్టు, పాత కళ్ళం, చింతచెట్టు కింద తాతమ్మ సమాధి, అన్నీ కొలిచి పటం గీశాడు. ముసలివాళ్ళు వేలిముద్రలు వేశారు. గ్రామసభ తీర్మానంతో కలిపి మళ్ళీ ఫైలు పెట్టాం. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమని కూడా అడిగాం.

ఫైలు ఇంకా తేలలేదు. కానీ ఈసారి అందులో ఆరు పేజీలు ఆ పిల్లవాడి చేతిరాతలో ఉన్నాయి.